నలుపు మాట నడిచిన దారి



చిన్నప్పుడు మా ఇంట్లో మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు కొన్ని ఉండేవి. దళసరి కాగితం, నిండు రంగుల బొమ్మలు, తెరవగానే ఒక వింత వాసన. వాటిలో ఒకదానిలో మాస్కో నగరపు ఎర్ర కూడలి బొమ్మ ఉండేది. కింద దాని రష్యన్ పేరు తెలుగు లిపిలో వేశారు: క్రాస్నయా ప్లోషద్. క్రాస్న అన్న మాట చూడగానే నాకు కృష్ణ గుర్తుకొచ్చింది. రెండూ ఒకటేనని నాకు నేనే తీర్మానించుకుని, చాలా ఏళ్లు ఆ నమ్మకంతోనే ఉన్నాను.

భాషాశాస్త్రం చదువుకునే రోజుల్లో ఆ నమ్మకం చెదిరింది. క్రాస్నయా అంటే ఇప్పటి రష్యన్‌లో ఎర్రనిది, పూర్వం అందమైనది. కృష్ణ శబ్దంతో దానికి చుట్టరికం ఏమీ లేదు. ఆ నిరాశ మాత్రం ఎంతోసేపు నిలవలేదు. కృష్ణ శబ్దానికి రష్యన్‌లో అసలైన చుట్టం వేరే ఉందని అదే రోజు తెలిసింది. ఆ మాట చోర్ని. చోర్ని అంటే నల్లని.

కృష్ణ, చోర్ని. పైకి రెండుసార్లు అని చూడండి. ఒక్క అక్షరమైనా కలుస్తుందా? చెవికి ఒకటిగా తోచిన క్రాస్న పరాయిదట, ఏ పోలికా లేని చోర్ని తోబుట్టువట. ఇది ఎలా సాధ్యం? ఆ మాట కథే ఇవాళ మీకు చెప్పాలని వచ్చాను.

రష్యన్, ఉక్రేనియన్, పోలిష్, చెక్, స్లోవాక్, బల్గేరియన్, సెర్బియన్ - ఇవన్నీ ఒక తల్లి భాషకు పుట్టినవి. ఆ తల్లిని పండితులు ఆది స్లావిక్ అంటారు. ఆ భాష మాట్లాడినవాళ్లు దాన్ని ఎక్కడా రాసిపెట్టలేదు. 863లో బైజాంటియం నుంచి మొరావియాకు సిరిల్, మెథోడియస్ అనే అన్నదమ్ములు మతప్రచారానికి బయలుదేరారు. స్లావుల మాటకు లిపి కట్టింది ఆ సందర్భంలోనే. అప్పటికే తల్లి భాష బిడ్డలుగా విడిపోవడం మొదలైంది. అందుకని దాని మాటలను ఇవాళ మనం పుస్తకంలో వెతికి తీయలేం. బిడ్డలందరి మాటలనూ పక్కపక్కన పెట్టి, ఏ తల్లికి పుడితే ఇన్ని రూపాలు వస్తాయో లెక్కగట్టి తీయాలి. అలా తీసిన మాట ముందు ఒక నక్షత్రపు గుర్తు వేస్తారు. నక్షత్రం ఉన్న మాటను రాతలో ఎవరూ చూడలేదు, లెక్క మీద మాత్రం నిలబడింది అని దాని అర్థం. మన ద్రావిడ భాషలకు ఇదే పని చేసినవారు భద్రిరాజు కృష్ణమూర్తిగారు. ఆయన పేరులోనే మన మాట ఉంది చూశారా!

నలుపుకు ఆది స్లావిక్ వాళ్లు అన్న మాట ‘చిర్ను’. అందులో ఇకారం, చివరి ఉకారం మన హ్రస్వాలకన్నా కూడా పొట్టివి, పలికీ పలకనట్టు ఉండేవి. చిర్ను - ఇదే మన కథానాయిక. ఇది విశేషణం. నల్ల గుర్రం, నల్ల నేల, నల్ల రాత్రి అన్నప్పుడు ముందుండే మాట.

ఇప్పుడు దీని పుట్టింటికి వెళ్దాం. స్లావిక్ భాషలు, బాల్టిక్ భాషలు, సంస్కృతం, లాటిన్, గ్రీకు అన్నింటికీ ఇంకా వెనకాల ఇండో-యూరోపియన్ మూలభాష ఒకటి ఉంది. అందులో నలుపుకు ఉన్న మాటల్లో ఒకటి ‘కృస్నోస్’. ఇక్కడ కకారం కింద ఉన్నది రేఫ కాదు, అచ్చు. మన వర్ణమాలలో ఋ అని ఒక అచ్చు ఉంది కదా, బడిలో నేర్చుకుని ఆ తర్వాత మరిచిపోయేది? అదే. వేల ఏళ్ల కింద పలికిన ఒక శబ్దానికి మన లిపిలో ఇప్పటికీ విడిగా ఒక అక్షరం ఉంది. మనం దాన్ని ‘రు’ అంటాం, ఉత్తరాదివారు ‘రి’ అంటారు, అసలు ఉచ్చారణ రెండూ కాదు. అయినా అక్షరం మాత్రం ఆ చోటును కాపాడి ఉంచింది. కృష్ణ అని రాసిన ప్రతిసారీ ఆ పాత అచ్చును మన చేతితో గీస్తున్నాం.

కృస్నోస్ నుంచి సంస్కృతంలో కృష్ణః వచ్చింది. దీనికి పెద్ద శ్రమ లేదు. స్లావుల దారి పొడవైంది. మూడు మలుపులున్నాయి, ఒక్కొక్కటి నిదానంగా చెప్తాను.

మొదటి మలుపు. బాల్టిక్, స్లావిక్ భాషలవాళ్ల పూర్వీకుల నోట ఋ అచ్చుగా నిలవలేదు. ముందు ఒక ఇకారాన్ని ఊతంగా తెచ్చుకుంది. కృస్నోస్ కాస్తా ‘కిర్స్నస్’ అయింది. దీనికి సాక్ష్యం ఉందా అంటే, ఉంది. పాత ప్రష్యన్ అని ఒక బాల్టిక్ భాష ఉండేది. 18వ శతాబ్దం మొదట్లో మహమ్మారి వచ్చాక దాన్ని మాట్లాడేవాళ్లు లేకుండా పోయారు. కాని మధ్యయుగంలో ఎవరో ఒక జర్మన్ తన అవసరం కోసం, జర్మన్ మాట పక్కన ప్రష్యన్ మాట పెట్టి, 800 మాటల పట్టిక రాసుకున్నాడు. ఎల్బింగ్ పదకోశం అంటారు దాన్ని. అందులో నలుపు ఎదురుగా ఉన్న మాట ‘కిర్స్నన్’. ఒక భాష మొత్తం పోయి, దాని నలుపు మాత్రం ఒక వర్తకపు ఊరి జాబితాలో మిగిలింది. ఆ ఒక్క పంక్తి లేకపోతే కృష్ణకూ చోర్నికీ మధ్య వంతెనకు ఒక స్తంభం తక్కువయ్యేది.

రెండో మలుపు సకారానిది. సంస్కృతంలో ఋకారం తర్వాత వచ్చిన సకారం షకారం అయింది, దాని ప్రభావంతో నకారం ణకారమైంది. అందుకే అది కృస్న కాక కృష్ణ. చిన్నప్పుడు శబ్దమంజరి వల్లె వేసినవారికి ఇది నోటికి తెలుసు. రమాసు అంటాం, కాని హరిషు, గురుషు, పితృషు అంటాం. ఆకారం తర్వాత సు, ఇ ఉ ఋ ల తర్వాత షు. ఎందుకని అప్పుడు ఎవరూ అడగలేదు, మనకూ చెప్పలేదు. విశేషం ఏమిటంటే ఈ నియమం స్లావిక్‌లోనూ ఉంది. ర, ఉ, క, ఇ - ఈ నాలుగింటి తర్వాత సకారం మారుతుంది. హోల్గర్ పెడర్సన్ అనే డేనిష్ పండితుడు 1895లో స్లావిక్‌లో దీని తీరును నిరూపించాడు. ఆ నాలుగు ధ్వనులనూ కలిపి దీన్ని ‘రుకి’ సూత్రం అంటారు. రష్యన్‌లో రుకి అంటే చేతులు, విద్యార్థులకు గుర్తుండడానికి అదో సౌకర్యం. సంస్కృతంలో ‘కొడుకులలో’ అనడానికి సూనుషు అంటే, పాత స్లావిక్‌లో సినుఖు అంటారు. మన షకారం ఉన్న చోట వాళ్లకు ఖకారం లాంటి గరుకు ధ్వని. మొదటిసారి ఈ జంటను చూసినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇప్పటికీ తగ్గలేదు. ఒక విభక్తి ప్రత్యయం, అదీ బహువచనం, సప్తమీ విభక్తి! అంత చిన్న తోక కూడా రెండు చోట్లా ఒకే చోట మలుపు తిరిగింది. చిర్ను మాటలో మాత్రం మారిన ఆ ధ్వని నిలవలేదు. రేఫకూ నకారానికీ మధ్య ఇరుక్కుని రాలిపోయింది.

మూడో మలుపు కకారానిది. ఇది మన తెలుగువాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. మనం చెవి అంటాం, కన్నడంవారు కివి అంటారు. మనం చెరువు, వాళ్లు కెరె. మనం చిరు, వాళ్లు కిరు. ఇ, ఎ లాంటి అచ్చులు పలకడానికి నాలుక ముందుకు జరుగుతుంది. వెనక గొంతు దగ్గర పుట్టే కకారం వాటి పక్కన చేరితే అదీ ముందుకు జరిగి చకారం అవుతుంది. కన్నడం పాత కకారాన్ని పట్టుకుని ఉంది, తెలుగు జరిగింది. అక్కడ కూడా అదే జరిగింది. ప్రష్యన్ కిర్స్నన్ కకారాన్ని పట్టుకుని ఉంది, స్లావిక్ చిర్నుగా జరిగింది. మన భాషా కుటుంబం వేరు, వాళ్లది వేరు, ఒకరి పేరు ఒకరు విని ఉండరు. మనిషి నాలుక మాత్రం ఒకటే.

ఇక ఆ మాట బిడ్డల సంగతి. రష్యన్ చోర్ని, ఉక్రేనియన్ చోర్నియ్, పోలిష్ చార్ని, చెక్ చెర్నీ, స్లోవాక్ చియెర్ని, బల్గేరియన్ చెరెన్. సెర్బియావాళ్ల దగ్గరికి వస్తే ఇది ఇంకో వింత వేషం వేసింది. వాళ్లు ‘త్స్‌ర్న్’ అంటారు. మొదటి ధ్వని మనకు కొత్త కాదు - చలి, చుక్క, చాప అనేటప్పుడు మనం పలికే దంత్య చకారమే అది. ఆ తర్వాత అచ్చే లేదు. రేఫే అచ్చు పని చేస్తుంది. అంటే ఏమైందో చూడండి. మూలభాషలో ఋ ఉంది. స్లావుల పూర్వీకులు దానికి ఇకారం ఊతమిచ్చి మార్చుకున్నారు. వెయ్యేళ్లకు పైగా గడిచాక సెర్బుల నోట ఆ ఊతం అరిగిపోయి, రేఫ మళ్లీ అచ్చై కూర్చుంది. పోయిన ఋ తిరిగివచ్చింది! పాతది అలాగే మిగిలిందని అనుకుంటే పొరపాటు, ఇది పోయి వచ్చినది.

ఈ లెక్కలన్నీ కాగితం మీద తేలిగ్గా కనిపిస్తాయి. వీటి వెనక మనుషులున్నారు. మాక్స్ ఫాస్మెర్ అని ఒక పండితుడు, బెర్లిన్‌లో ఉండేవాడు, రష్యన్ మాటల పుట్టుపూర్వోత్తరాల నిఘంటువు మొదలుపెట్టాడు. ఒక్కో మాటకూ ఒక్కో చీటీ రాసుకుంటూ ఏళ్లు గడిపాడు. 1944లో బాంబులు పడి చీటీలు, పుస్తకాలు అన్నీ కాలిపోయాయి. మళ్లీ మొదలుపెట్టాడు. 1950 నుంచి 1958 దాకా హైడెల్‌బర్గ్‌లో ఆ నిఘంటువు మూడు సంపుటాలుగా వచ్చింది. తర్వాత ఒలెగ్ త్రుబచోవ్ దాన్ని రష్యన్‌లోకి తెచ్చి, ఎన్నో చేర్పులు చేశాడు. చోర్ని ఎదుట కృష్ణ అని ఇవాళ నేను ఇంత ధైర్యంగా చెప్తున్నానంటే అలాంటివారి చీటీల బలం మీదనే.

మాట ఒకచోట ఊరికే కూర్చోదు, ఊళ్లకూ కొండలకూ పేరవుతుంది. ఏడ్రియాటిక్ సముద్రం ఒడ్డున మాంటెనెగ్రో అనే చిన్న దేశం ఉంది. 2006లో స్వతంత్రమైంది. మాంటెనెగ్రో అన్నది వెనిస్ నగరం వాళ్ల మాటలో పేరు. అక్కడి ప్రజలు తమ దేశాన్ని ‘త్స్‌ర్నా గోరా’ అంటారు. త్స్‌ర్నా అంటే నల్లని, గోరా అంటే కొండ. దట్టమైన అడవులు కప్పుకుని దూరానికి నల్లగా కనిపించే కొండలు. మన నల్లమల కూడా నల్లని మలే కదా. నల్ల, మల రెండూ మన మాటలు. వాటికీ ఆ స్లావిక్ మాటలకూ రక్తసంబంధం లేదు, భావం ఒక్కటే. కాని ఇంకో పేరు చెప్తాను, వినండి. స్లావిక్ గోరాకు సంస్కృతంలో తోబుట్టువు గిరి. త్స్‌ర్నా గోరాను మాట మాటగా సంస్కృతంలోని చుట్టాలతో నింపితే వచ్చేది - కృష్ణగిరి! చిత్తూరు సరిహద్దు దాటితే తమిళనాడులో వచ్చే కృష్ణగిరి. అక్కడ తెలుగు మాట్లాడే ఇళ్లు ఎన్నో. ఒకే రెండు మాటలు, ఒకటి యూరప్ దక్షిణాన దేశం పేరైంది, ఒకటి మన పొరుగున ఊరి పేరైంది.

కొండ తర్వాత నేల. నల్లరేగడి మీద పత్తి, మిరప పండించేవారు ఎందరో ఈ ప్రసంగం వింటూ ఉంటారు. మన రేగడి అన్న మాటను ఇంగ్లీషు దొరలు ‘రెగర్’ అని పట్టుకెళ్లి భూగోళ పుస్తకాల్లో పెట్టారు. అలాగే ఉక్రెయిన్, దక్షిణ రష్యా మైదానాల నల్లనేల ‘చెర్నజ్యోమ్’ కూడా ప్రపంచ శాస్త్రంలోకి వెళ్లింది. చెర్నో మన చిర్నునే, జ్యోమ్ భూమి. వసీలి దొకుచాయెవ్ 1883లో ఆ నేల మీద రాసిన పెద్ద గ్రంథంతోనే ఆధునిక మృత్తికాశాస్త్రం మొదలైందని చెప్తారు. ఈ రెండు నలుపులూ ఒకటి కాదు. మన రేగడి చాలావరకు నల్లరాయి చివికి వచ్చిన బంకమట్టి, వేసవికి బీటలు వారుతుంది. చెర్నజ్యోమ్ నలుపు గడ్డి వేళ్లది. వేల ఏళ్లుగా గడ్డి మొలిచి, చలికి చచ్చి, నేలలో కుళ్లి పేరుకున్న సారం. గోధుమ ధర ఎక్కడో పెరిగింది అని వార్త వింటే, దాని వెనక చాలాసార్లు ఈ నల్లనేలే ఉంటుంది.

చెర్నోబిల్ పేరు మీరందరూ విన్నారు. 1986 ఏప్రిల్ 26న అణువిద్యుత్ కేంద్రం పేలిన చోటు. ఆ ఊరు మాత్రం చాలా పాతది, 1193 నాటికే దాని ప్రస్తావన ఉంది. ఆ పేరు ఒక మొక్కది. చెర్నో అంటే నల్లని, బిల్ అంటే కాడ. నల్లకాడ మొక్క. అది మన మాచిపత్రికి చుట్టం. వినాయక చవితినాడు పూజలో చదివే ఇరవై ఒక్క పత్రాల్లో మొట్టమొదటిది మాచీపత్రం కదా, ఆ జాతిదే. తెలుగు బైబిలులో ప్రకటన గ్రంథం చదివినవారికి ఇంకొకటి తోచవచ్చు. ఆకాశం నుంచి రాలి నీళ్లను చేదు చేసిన నక్షత్రం పేరు అక్కడ మాచిపత్రి. 1986లో ఉక్రెయిన్‌లో చాలామంది ఈ పోలిక తోచి భయపడ్డారు. నిజానికి ఆ రెండు మొక్కలూ దగ్గర జాతులు, ఒకటే కాదు. ఊరికి ఆ పేరు పెట్టినవాళ్లు తమ చుట్టూ మొలిచిన పొదలను చూసి పెట్టారు, అంతే. ఆ ఊరి పేరు ఇప్పుడు ఒక మొక్కగా ఎవరికీ గుర్తురాదు. అది నాకు బాధగా ఉంటుంది.

ఇంటి మాటల్లో ఈ చిర్ను ఎంత తిరిగిందో. రష్యన్‌లో సిరాను చెర్నీల అంటారు. అలాంటి స్లావిక్ మాటే రుమేనియన్ భాషలోకి చెర్న్యాలగా పోయింది. చిత్తుప్రతిని చెర్నవీక్ అంటారు, అంటే నల్లప్రతి. శుద్ధప్రతికి తెల్లది అన్న అర్థంలో వేరే మాట. కొట్టివేతలతో, దిద్దుబాట్లతో నల్లబడిన కాగితాన్ని కళ్లారా చూసిన ఎవరో రాయసగాడు పెట్టిన పేరై ఉంటుంది అది. అడవిలో దొరికే ఒక చిన్న నీలిపండు చెర్నీక. రై పిండితో చేసే రొట్టె నల్లరొట్టె. మనం ఎర్ర ద్రాక్షసారా అనేదాన్ని క్రొయేషియా, సెర్బియావాళ్లు నల్లసారా అంటారు. రష్యాలో సన్యాసి నల్ల అంగీ తొడుగుతాడు కనుక అతను చెర్నేత్స్. పియానో నేర్చుకునేవాళ్లకు నిద్రలో కూడా వినిపించే అభ్యాసాలు రాసిన కార్ల్ చెర్నీ ఇంటిపేరు కూడా ఇదే. మనకు నల్లా, నల్లమోతు, నల్లూరి ఉన్నట్టే.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. స్లావిక్ భాషల్లో ఎరుపుకు చెర్వెన్, చెర్వోని లాంటి మాటలున్నాయి. చిర్నుకు ఇవి అక్కచెల్లెళ్లలా వినిపిస్తాయి. కావు. ఇవి చెర్వ్ నుంచి వచ్చాయి, అంటే పురుగు. పూర్వం ఒక రకం పురుగును ఎండబెట్టి, నూరి, ఎర్ర రంగు తీసేవారు. ఆ పురుగు మాట మన సంస్కృత క్రిమికి చుట్టం. క్రిమి అన్నా కృమి అన్నా అదే. అక్కడా కకారమే చకారమైంది. నలుపు మాట చూపిన దారినే ఎరుపు మాటా నడిచింది. ఒక మార్పు ఒక మాటకే జరిగితే దాన్ని కాకతాళీయం అనుకోవచ్చు. వరసగా మాట మాటకూ అదే జరిగితే దాన్ని నమ్మాలి. చిన్నప్పటి నా క్రాస్న పోలికకు లేనిది ఈ వరసే.

ఆ వరస లేకుండా చుట్టరికాలు కలిపితే ఏమవుతుందో చెప్తాను. 12వ శతాబ్దంలో హెల్మోల్డ్ అనే జర్మన్ మతాచార్యుడు బాల్టిక్ తీరపు స్లావుల గురించి రాస్తూ, వాళ్లు విందుల్లో పాత్ర ఒకరి చేతి నుంచి ఒకరికి అందిస్తూ మంచి దేవుడినీ చెడ్డ దేవుడినీ తలుచుకుంటారని, చెడ్డ దేవుడిని చెర్నెబోగ్ అంటారని చెప్పాడు. నల్లదేవుడు. కొందరు ఆ మాట పట్టుకుని చెర్నెబోగే మన కృష్ణుడని, స్లావులంతా ఇక్కడినుంచి వెళ్లినవాళ్లని పుస్తకాలు రాస్తారు. మాట చుట్టరికం వేరు, దేవుడి చుట్టరికం వేరు. నలుపు అనే విశేషణం ఇద్దరికీ పూర్వికుల ఆస్తిగా దక్కింది. దాన్ని ఎవరికి తొడిగారన్నది ఎవరి చరిత్ర వాళ్లది. హెల్మోల్డ్ రాసినది నిజమే అయితే, అక్కడ అదే మాట భయానికి పేరైంది. ఇక్కడ అదే మాటను పసివాడికి పెట్టి ఉయ్యాలలో ఊపాం. ద్రౌపదినీ కృష్ణ అన్నాం, వ్యాసుడినీ కృష్ణద్వైపాయనుడన్నాం. నల్లగా ఉండడం వాళ్ల గొప్పతనానికి అడ్డం రాలేదు.

ఈ మాట చేదు రుచి చూసిన మన పిల్లలూ ఉన్నారు. రష్యన్‌లో ‘చెర్న్’ అంటే గుంపు, అలగా జనం అని చిన్నచూపు. ఇవాళ్టి వీధుల్లో, కాకసస్ నుంచో మధ్య ఆసియా నుంచో వచ్చినవాళ్లను, మనలాంటి చామనచాయ వాళ్లను చోర్ని అని తిట్టేవాళ్లు ఉన్నారు. వైద్యం చదవడానికి వెళ్లిన పిల్లలు తిరిగివచ్చి ఆ మాట చెప్పినప్పుడు నాకు మనసు చివుక్కుమంది. వాళ్లలో ఎవరికైనా నేను చెప్పగలిగింది ఒకటే: ఆ మాటకు తిట్టు అర్థం తర్వాత అంటుకున్నది, నీ తాత పేరులో ఉన్న మాటే అది. ఉక్రెయిన్‌లో చెర్నివ్‌త్సి అని ఒక ఊరుంది, రుమేనియా సరిహద్దుకు దగ్గర. అక్కడి వైద్య విశ్వవిద్యాలయంలో మన పిల్లలు ఎందరో చదివారు. 2022లో యుద్ధం మొదలైనప్పుడు ఆ ఊరినుంచే సామాను భుజాన వేసుకుని, చలిలో నిలబడి, సరిహద్దు దాటారు. ఆ ఊరి పేరులో ఉన్నదీ ఈ నలుపే. నల్లని కోటగోడల వల్ల వచ్చిందని అక్కడ చెప్పుకుంటారు.

ఖగోళశాస్త్రజ్ఞులు ఈమధ్య ఈ పాత మాటకు ఒక కొత్త పని ఇచ్చారు. వెలుతురును కూడా వదలకుండా మింగే ఆ చోటును మనం కృష్ణబిలం అన్నాం. రష్యన్‌లో అదే ‘చోర్నయా దిరా’, నల్లరంధ్రం. రెండు భాషలవాళ్లూ ఎవరికి వాళ్లే ఇంగ్లీషు పేరును తమ మాటలోకి తిప్పుకున్నారు. తిప్పుకునేటప్పుడు ఇద్దరి చేతికీ అందింది ఆ కృస్నోస్ వారసత్వమే.

చివరగా రెండు నదుల గురించి చెప్పి సెలవు తీసుకుంటాను. మహాబలేశ్వరంలో పుట్టి, సుమారు 1,400 కిలోమీటర్లు నడిచి, నల్లమలను కోసుకుని, శ్రీశైలం, నాగార్జునసాగరం, విజయవాడ దాటి, హంసలదీవి దగ్గర సముద్రంలో కలిసే నది మనందరిదీ. కృష్ణ, అంటే నల్లనిది. ఇక రెండోది లిథువేనియా దేశపు దక్షిణాన ఉంది. చిన్న నది. వంతెన మీద నిలబడితే రెండు గట్లూ దగ్గరగా కనిపించేంత. అది షెషుపె అనే నదిలో కలుస్తుంది, షెషుపె నేమునస్‌లో, నేమునస్ బాల్టిక్‌లో. ఆ చిన్న నది పేరు కిర్స్నా. లిథువేనియన్‌లో ఇప్పుడు నలుపుకు వేరే మాట ఉంది, యువదస్ అంటారు. పాత మాట వాళ్ల నోటినుంచి జారిపోయి, నీటి పేరులో మిగిలింది. ఆ ఒడ్డున ఆడుకునే పిల్లవాడు కిర్స్నా అంటే ఏమిటని వాళ్ల నాన్నను అడిగితే, ఆయన ఇంటిమాటలో జవాబు దొరకదు. విజయవాడ కృష్ణ ఒడ్డున అదే ప్రశ్న అడిగితే, మన పిల్లవాడికి వాళ్ల అమ్మమ్మ చెప్పేస్తుంది.